రెక్క మీద మాసిక

ఆ వీధిలో హాయిగా నవ్వే ముసలివాళ్ళలో సగంమంది ఆయన చేసిన పళ్ళతోనే నవ్వుతారు. అయినా దారిలో ఎదురుపడితే ఆయన్ని పలకరించేవాళ్ళు లేరు. వాళ్ళెవరూ ఆయన్ని చూసి ఉండరు. వాళ్ళకు కనిపించేది ముందు గదిలో తెల్లకోటు వేసుకున్న డాక్టరు. ఆయన కూర్చునేది వెనక గదిలో, ప్లాస్టర్ పొడి పట్టిన కిటికీ పక్కన. డాక్టరు తీసిన నోటి అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ చేస్తాడు. దవడ మీద మైనంతో చిగుళ్ళు కడతాడు. చిగుళ్ళలో ఒక్కొక్క పన్నూ నారు నాటినట్టు నాటుతాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. క్లినిక్‌లో అందరూ ఆయన్ని పళ్ళ మేస్త్రి అనేవారు.

రంగు విషయంలో ఆయనకు పట్టుదల ఎక్కువ. తెలుపు అనేది ఒక రంగు కాదు, పెద్ద ఉమ్మడి కుటుంబం అనేవాడు. అరవై ఏళ్ళ మనిషికి పాలలాంటి పళ్ళు పెడితే అది నోరులా ఉండదు, షోకేసులా ఉంటుంది. అందుకని ఒక పంటికి టీ మరక, ఇంకో పంటి అంచున చిన్న అరుగుదల, సన్నని కుంచెతో తనే పెట్టేవాడు. డాక్టరు విసుక్కునేవాడు. పళ్ళు పెట్టుకున్నవాళ్ళు మాత్రం అద్దంలో చూసుకుని, "ఇవి నావే," అనేవాళ్ళు.

ఇంట్లో ఆయన మాట్లాడేది తక్కువ. "ఊళ్ళోవాళ్ళ నోళ్ళు బాగుచేసి చేసి మా ఆయన నోరు మూతపడిపోయింది," అనేది భార్య.

మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమె తండ్రి వాళ్ళింటికి వచ్చి ఉండిపోయాడు. ఎనభై ఆరేళ్ళ మనిషి. బస్సు సీట్లకు కవర్లు కుట్టే వర్క్‌షాపు నడిపి మానేసినవాడు. పెళ్ళి కుదిరిన రోజుల్లో ఈ పెద్దాయన అన్న మాట ఒకటి చుట్టాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు. మా అమ్మాయి మాత్రం వెతికి వెతికి పళ్ళు పెట్టేవాణ్ణే తెచ్చుకుంది." ఆ మాట అల్లుడి చెవిన కూడా పడింది. విని ఆయన నవ్వాడు. ఇరవై ఆరేళ్ళలో మామా అల్లుళ్ళ మధ్య నడిచిన మాటలన్నీ పోగేసినా ఒక ఉత్తరం నిండదు. "కాఫీ తాగారా మామయ్యగారూ?" "తాగాను." అంతే.

క్లినిక్ నుంచి ఇంటికి వచ్చే దారిలో ఒక బొమ్మల దుకాణం ఉంది. అద్దం వెనక ఎండకు వెలిసిన అట్టపెట్టె ఒకటి ఎన్నాళ్ళుగానో ఉండిపోయింది. దాని మీద ఒకదానిపై ఒకటి రెండు వరసల రెక్కలున్న పాత యుద్ధవిమానం, మబ్బులోంచి పైకి లేస్తున్న బొమ్మ. పళ్ళ మేస్త్రి మూడు సాయంత్రాలు దాని ముందు ఆగాడు. నాలుగో సాయంత్రం లోపలికి వెళ్ళాడు.

"మనవడికాండీ?" అన్నాడు దుకాణం ఆయన.

"కాదు. నాకే."

ఎందుకు కొన్నాడో ఆయనకూ తెలియదు. ఎవరి నోట్లోనూ పెట్టనక్కర్లేని వస్తువు ఒకటి చెయ్యాలనిపించింది, అంతే.

ఇంట్లో మంచి వెలుతురు వచ్చే కిటికీ ఒక్కటే, అది పెద్దాయన మంచం ఉన్న గదిలో. ఆదివారం మధ్యాహ్నం పళ్ళ మేస్త్రి చిన్న బల్ల తెచ్చి ఆ కిటికీ కింద వేసుకున్నాడు. పెట్టెలో అసలు విమానానికి ఇరవై నాలుగో వంతు కొలతతో పోతపోసిన ప్లాస్టిక్ ముక్కలు నూట ముప్పైకి పైగా ఉన్నాయి. పట్టకారు, ఆకురాయి, పళ్ళకు వాడే సన్నని కుంచెలు వరసగా పెట్టుకున్నాడు. పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మధ్యాహ్నాలు మెల్లగా సాగేవి. కర్టెన్ గాలికి ఉబ్బి, మళ్ళీ వాలిపోయేది. జిగురు వాసన, రంగు వాసన, మామగారి తైలం వాసన కలిసిపోయి గదిలో ఒక మగత కమ్ముకునేది. రెక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే దాని మీద పోతపోసిన పక్కటెముకల్లాంటి గీతల నీడలు, పల్చని బట్ట కింద ఏదో కదిలినట్టు ఉండేవి. ఒకరోజు చేతిలో రెక్క ఉండగానే కునుకు పట్టింది. కలలో ఆయన ఇళ్ళ కప్పుల మీదుగా పోతున్నాడు. కింద వీధంతా నోళ్ళు తెరిచి పైకి చూస్తోంది. అన్ని నోళ్ళు కనిపించినా ఒక్క పంటికీ కొలత తీయాలనిపించలేదు. అంత సుఖం ఆయన మెలకువలో ఎరగడు.

మెలకువ వచ్చేసరికి పెద్దాయన ఇటు తిరిగి ఉన్నాడు.

"ఆ తీగ అక్కడికి రాదు," అన్నాడు.

రెక్కల మధ్య తీగలు ఎలా కట్టాలో గీసి పెట్టెలో ఇచ్చిన కాగితం పళ్ళ మేస్త్రి చూశాడు. "ఇందులో ఇలాగే ఉంది మామయ్యగారూ."

"ఉంటుంది. గీసినవాడు దాన్ని ముట్టుకుని ఉండడు. ముందు నిలువు కర్ర పైనుంచి వెనక కర్ర కిందికి రావాలి. నువ్వు పెట్టినట్టు పెడితే దిగేటప్పుడు రెక్కలు చప్పట్లు కొడతాయి."

ఇన్నేళ్ళలో ఆయన అల్లుడితో అంత పొడుగు మాట అనడం అదే మొదలు. వంటింట్లో ఉన్న కూతురు గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీకెలా తెలుసు నాన్నా?"

"పంతొమ్మిదేళ్ళప్పుడు ఏడాదిన్నర వాటికే బట్ట కుట్టాను. సీటు కవర్లు తర్వాత సంగతి."

ఆ ఇంట్లో ఎవరికీ ఆ ముక్క తెలియదు. యుద్ధం రోజుల్లో విమానాల షెడ్డులో కుట్టుపని చేసేవాడట. ఆ రెక్కలు కర్ర చట్రాలు, వాటి మీద నార బట్ట. గుండు తగిలినా, కొమ్మ గీరినా చిరుగుతుంది. చిరుగు కుట్టి, పైన మాసిక వేసి, బట్ట డోలు తోలులా బిగుసుకునే వార్నిష్ పుయ్యాలి. "చొక్కాకి వేసినట్టే. కాకపోతే ఈ చొక్కా తొడుక్కుని మనిషి ఆకాశంలోకి పోతాడు," అన్నాడు.

ఆ రోజు నుంచి మంచం కిటికీ వైపు జరిగింది. తీగలన్నీ పెద్దాయన చెప్పినట్టే పడ్డాయి. రంగు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. పెట్టె మీద బొమ్మ ముదురాకుపచ్చ.

"కొత్త పెళ్ళికొడుకులా ఉంది," అన్నాడు పెద్దాయన. "మావి ఎండ తిని, నూనె కారి, పొట్టంతా పొగచూరి ఉండేవి. పైన పచ్చ కూడా పచ్చ కాదు. ఎలా చెప్పను..."

"ఎండిన నాచులా ఉండేదా?"

"అంత నల్లన కాదు."

పళ్ళ మేస్త్రి గాజుపలక మీద పచ్చలో రవ్వంత గోధుమ, రవ్వంత పసుపు కలిపి చూపించాడు. కాదన్నాడు. ఇంకోటి కలిపాడు. అదీ కాదు. పదకొండోదానికి పెద్దాయన కళ్ళు మూసి తెరిచి, "ఇది. వాన కురిసిన మర్నాటిది," అన్నాడు. పళ్ళ మేస్త్రికి ఒళ్ళు పులకరించింది. ఎదుటి మనిషి తలలో ఉన్న రంగును పట్టుకోవడమే ఆయన విద్య. దాన్ని ఈ ఇంట్లో మొదటిసారి ఎవరో గుర్తించారు.

చివరికి పెట్టెలో ఒక్క ముక్క మిగిలింది. వేలెడంత కూడా లేని పైలట్. దాన్ని పట్టకారుతో ఎత్తి గుంటలో కూర్చోబెట్టబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అతన్ని పెట్టకు."

"ఏం మామయ్యగారూ?"

అడ్డం పెట్టిన చెయ్యి తియ్యకుండానే చెప్పాడు. షెడ్డులో ఒక పైలట్ ఉండేవాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ముందుపళ్ళ మధ్య సందు. ఆ సందులోంచి ఈల వేసుకుంటూ తిరిగేవాడు, కుట్టుపనివాళ్ళ దగ్గర కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చేవాడు. ఒక సాయంత్రం అతని విమానం పై రెక్క చిరిగి వచ్చింది. పెద్దాయనే కుట్టి, మాసిక వేసి, వార్నిష్ పూశాడు. మబ్బు పట్టి గాలి తడిగా ఉంది. తెల్లవారగానే విమానం తియ్యమని హుకుం వచ్చింది.

"ఎక్కబోతూ అడిగాడు, ఆరిందా అని. ఆరింది అన్నాను. వేలు పెట్టి చూడలేదు. నిద్రమత్తులో ఉన్నాను, చూడలేదు." పెద్దాయన దుప్పటి అంచు నలిపాడు. "పొద్దెక్కినా రాలేదు. ఎక్కడ పడ్డాడో, ఎందుకు పడ్డాడో ఎవరూ చెప్పలేదు. ఎవర్నీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది."

మీ తప్పు కాదు అనడం తేలిక. పళ్ళ మేస్త్రి ఆ మాట అనలేదు. పైలట్‌ని అగ్గిపెట్టెలో దూది మీద పడుకోబెట్టి, "ఆ కుట్టు నాకు చూపిస్తారా?" అన్నాడు.

మర్నాడు ఆయన నార బట్ట, మైనం పట్టిన దారం, ఒక డబ్బా వార్నిష్ తెచ్చాడు. వార్నిష్ అప్పటి రకానికి దగ్గరగా ఉన్నది కావాలని మూడు దుకాణాలు తిరిగాడు. బట్టను అడ్డంగా చింపి పెద్దాయన చేతికిచ్చాడు. ఆ చేతులు వణుకుతున్నాయి. సూదికి దారం కూతురు ఎక్కించింది. కుట్టు మొదలయ్యాక వణుకు ఎక్కడికో పోయింది. ప్రతి ఎనిమిది కుట్లకూ ఒక ముడి, ఆ ముడిని వెనక్కి మడిచి ఇంకో ముడి. పొద్దు వాలేసరికి మాసిక పడింది, వార్నిష్ పూతా అయింది. బట్టను ఒక చట్రానికి బిగించి తడిగాలి తగిలే వరండాలో ఉంచారు. ఆ రాత్రి పెద్దాయన గదిలో దీపం ఎప్పుడు ఆరిందో ఎవరూ చూడలేదు.

పొద్దున్నే ముగ్గురూ వరండాలోకి వచ్చారు. పెద్దాయన ముందు వేలు పెట్టి చూశాడు. వేలు అంటుకుని వచ్చింది.

"ఆరలేదు," అన్నాడు. ముఖం వాడిపోయింది.

"లాగుదాం," అన్నాడు అల్లుడు.

బట్టను చట్రం నుంచి విప్పి ఒక అంచు ఆయన పట్టుకున్నాడు, రెండోది భార్య. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా లాగారు. ఆమె గోడకు కాలు తన్నిపెట్టి పళ్ళ బిగువున లాగింది. పర్రుమని చప్పుడైంది. ఆమె వెళ్ళి బట్టల బుట్టలో కూలబడింది. పెద్దాయన కర్ర ఊతంతో వంగి బట్ట అందుకున్నాడు. మాసికకు జానెడు దూరంలో బట్ట చిరిగింది. కుట్టు ఒక్కటీ కదల్లేదు.

"గాలి వేరు, ఎత్తు వేరు," అన్నాడు మాసికను వేలితో తడుముతూ. "దీంతో ఏమీ తేలదు."

"తేలదు మామయ్యగారూ."

"కానీ ఇది ఎనభై ఆరేళ్ళ చేతి కుట్టు." ఆ బట్టను తిప్పి తిప్పి చూశాడు. "అప్పుడు నాకు పంతొమ్మిది."

బుట్టలోంచి కూతురు, "నన్ను లేవదీసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక మీరిద్దరూ బట్టతోనే కాపురం చేస్తారా?" అంది.

ఆ వారమంతా పళ్ళ మేస్త్రి పైలట్ మీద పనిచేశాడు. భూతద్దం కంటికి బిగించుకుని, ఒకే ఒక్క వెంట్రుక ఉన్న కుంచెతో. పెదవులు కొంచెం విచ్చుకున్నట్టు సూదిమొనతో గీశాడు. పళ్ళకు తెలుపు ఎన్నుకోవడానికి ఒక పూట పట్టింది. పెద్దాయన చెప్పినదాన్నిబట్టి ఇరవై రెండేళ్ళవాడు, సిగరెట్ అలవాటు లేదు, షెడ్డులో టీ మాత్రం ఎక్కువ. ఆ తెలుపు మధ్యలో, ఊపిరి బిగబట్టి, కంటికి ఆననంత చీకటి గీత పెట్టాడు. భూతద్దం లేకుండా అది ఈ లోకంలో ఎవరికీ కనిపించదు.

పెద్దాయన భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశాడు. కర్టెన్ ఉబ్బింది, వాలింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఇతనే," అన్నాడు. "ఇక కూర్చోబెట్టు."

పై రెక్క మీద ఎడమవైపు, కొత్త బట్ట రంగులో గోరంత మాసిక కుంచెతో వేయాల్సి ఉంది. దాన్ని పెద్దాయనే వేశాడు. అల్లుడు ఆయన మణికట్టు కింద చెయ్యి ఆన్చి పట్టుకున్నాడు. కొంచెం వంకరగా వచ్చింది. దిద్దుతానని అల్లుడు అనలేదు, దిద్దమని మామగారూ అడగలేదు.

విమానాన్ని కిటికీ ముందు సన్నని దారంతో వేలాడదీశారు. గాలి వచ్చినప్పుడు అది మెల్లగా తిరిగేది, రెక్కల నీడ మంచం మీదుగా పాకి గోడ ఎక్కేది. పెద్దాయన ఆ తర్వాత మూడేళ్ళు ఉన్నాడు. మధ్యాహ్నాలు మామా అల్లుళ్ళిద్దరూ ఆ గదిలోనే, ఒకరు మంచం మీద, ఒకరు కుర్చీలో, సగం మాటల్లో సగం నిద్రలో గడిపేవాళ్ళు. ఏం మాట్లాడుకుంటున్నారని కూతురు అడిగితే, "ఎత్తు," అనేవాడు పెద్దాయన. "ఇప్పుడు ఎంత ఎత్తులో ఉన్నామా అని చూసుకుంటున్నాం."

"అన్నం చల్లారిపోతోంది," అనేది ఆమె.

"వస్తున్నాం," అనేవాడు పళ్ళ మేస్త్రి, కళ్ళు తెరవకుండానే.