మా బావ దగ్గుకి మా అక్క కారణం కాదు

మా బావ క్లారినెట్ వాయిస్తాడు. ఎర్రకోటు తొడుక్కుని బ్యాండు ముందు వరసలో నడిచే మనిషి. పొట్టివాడు కనక జనంలో టోపీ కనపడదు గాని, ఊపిరి మాత్రం వీధంతా వినపడేది. వీధి మొదట్లో ఎత్తిన స్వరాన్ని మలుపు తిరిగేదాకా దించేవాడు కాదు. వెనక నడిచే డోలు ఆయనే "ఇక చాలు బాబూ, నాకు ఆయాసం వస్తోంది" అని బతిమాలేవాడట.

అలాంటివాణ్ణి బ్యాండు మాస్టరు తాళాలు కొట్టే పనికి మార్చాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కోటు కొక్కేనికి తగిలిస్తూ, "ఏరా బావమరిదీ, ఇన్నేళ్ళు పాడినవాణ్ణి చప్పట్లు కొట్టుకోమంటున్నారు" అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు సగంలోనే దగ్గయింది. దగ్గు తగ్గాక, "వచ్చే నెల పెద్ద ఊరేగింపుంది. ఆలోగా ఊపిరి కుదుటపడకపోతే నా చోటు కొత్తవాడికే" అని కూర్చుండిపోయాడు.

అదొక వింత దగ్గు. బ్యాండుతో పొరుగూళ్ళు తిరిగినన్నాళ్ళూ ఉండదు. రైలు దిగి, రిక్షా దిగి, మెట్లెక్కి, అక్క తలుపు తీయగానే మొదలు. తుమ్ములు, కళ్ళ దురద, ఆ పైన గుండెల్లోంచి సన్నగా పిల్లికూతలు. బావ ఊళ్ళో ఉన్నప్పుడు వచ్చి కొలువుదీరే స్నేహితులకి ఇది చాలు.

"ఇంకేముందయ్యా, నీకు పడనిది మీ ఆవిడే!"

బావ నవ్వేవాడు. అక్క నవ్వేది కాదు. డాక్టరమ్మ కూడా గొట్టం ఛాతీ మీద పెట్టి విని, పీల్చే మందు రాసిచ్చి, "బయట తగ్గి ఇంట్లో వస్తోందంటే, ఇంట్లో ఏదో పడటం లేదు. అదేమిటో వెతకండి. అది ఉన్నంతకాలం మందు సగం పనే చేస్తుంది" అనేసరికి అక్క మొహం మాడిపోయింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమయింది.

"సరే, తేల్చేసుకుందాం" అంది ఇంటికి రాగానే. "వారంపాటు కూతురింటికి పోతాను. దగ్గు తగ్గిందా, నేను అక్కడే ఉండిపోతా. తగ్గలేదా, మీ స్నేహితులందరి చేతా చెంపలు వేయిస్తా."

"ఏమిటే ఈ పంతం? వంటెవరు చేస్తారు?"

"మీకు పడేవాళ్ళెవరైనా చేస్తారు."

వంట నామీద పడింది. నేను ఒంటరివాణ్ణి, రోజూ మధ్యాహ్నం వాళ్ళ వసారాలో కూర్చుని చదువుకోవడం నా అలవాటు. ఆ వారం పుస్తకం ఒక చేతా గరిట ఒక చేతా పట్టుకున్నాను. బావ నా వంట గురించి ఒక్క మాట అనలేదు. అనడానికి దగ్గు తెరిపిస్తేగా. పనికి కూడా పోలేక పొద్దస్తమానం సాధన గదిలోనే ఉన్నాడు, క్లారినెట్ ఎత్తడం, దగ్గడం, దించడం.

ఆ గది సంగతి చెప్పాలి. ఆ ఇంటికి వచ్చిన కొత్తలో, కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు మామ్మగారు ఒకసారి అంది: "మీ వాయిద్యం బాగుంటుంది బాబూ. నా మధ్యాహ్నం నిద్ర ఇంకా బాగుంటుంది." అంతే. మా బావకి ఒకరి చేత మాటపడటం ప్రాణాంతకం. ఆ రోజే కిటికీ బిగించి, దాని మీదా గోడల మీదా లావుపాటి బొంతలు వేలాడదీశాడు. తలుపు కింది సందులో గుడ్డలు కుక్కాడు. అప్పటినుంచి ఆ గదిలో స్వరం బయటికి పోలేదు. గాలీ పోలేదు.

వారం తిరగ్గానే అక్క వచ్చింది. గుమ్మంలోనే దగ్గు వినపడింది, మునుపటికన్నా రెట్టింపుగా. ఆవిడ మొహం చేటంత అయింది.

"విన్నావురా తమ్ముడూ! నేను లేకపోతే ఇంకా ఎక్కువైంది!" అని, మరుక్షణం నాలిక్కరుచుకుని, లోపలికి పరిగెత్తి ఆయన వీపు రాసింది. "అయ్యో, ఇలా అయిపోయారేమిటండీ? మరి నేను కాకపోతే ఏమిటి?"

నేను గుమ్మంలో నిలబడి, మాట మార్చడానికి అన్నాను: "ఏమైనా ఈ గది నాకిష్టం అక్కా. పాత పుస్తకాల వాసన వస్తుంది."

అక్క తిరిగి చూసింది. "ఏమన్నావ్?"

"పాత పుస్తకాల వాసన."

"ఈ గదిలో పుస్తకమేదిరా?"

నిజమే. కుర్చీ, స్వరాల కాగితం పెట్టుకునే స్టాండు, బొంతలు. ఒక్క పుస్తకం లేదు. ఇన్నేళ్ళు పుస్తకాల మధ్య బతికిన నా ముక్కు తనకి నచ్చిన వాసన కనక అడగకుండా లోపలికి రానిచ్చింది. అక్క ముక్కుకి ఆ బలహీనత లేదు. వెళ్ళి గోడమీది బొంత ఎత్తింది.

సాలెగూళ్ళ బూజు కాదు. చెమ్మకి పుట్టే బూజు. గోడంతా నల్లటి చుక్కలు, అక్కడక్కడ పచ్చటి మెత్తటి నూగు. బొంత వెనక కూడా అదే. ఆ గోడకి అవతల స్నానాలగది, దాని గొట్టం ఎప్పటినుంచో చెమరుస్తున్నట్టుంది. కంచే చేను మేసినట్టు, మర్యాదకి కట్టిన బొంతలే చెమ్మని దాచి పెంచాయి.

"చాప కింద నీరంటారు. ఇక్కడ బొంత వెనక" అన్నాడు బావ నీరసంగా.

డాక్టరమ్మకి చెబితే, "దాని పొడి కంటికి కనపడదు, గాల్లో తేలుతుంది. అందరికీ ఒకేలా చెయ్యదు. మీకేమో పడలేదు. పైగా ఆ ఇంట్లో అందరికన్నా లోతుగా ఊపిరి పీల్చేది మీరు, పీల్చేది ఆ గదిలో!" అంది. శుభ్రం చేసేటప్పుడు బావని దగ్గరికి రానివ్వొద్దంది. పొడిగా దులిపితే ఇంకా లేస్తుందట.

బావని పొరుగింటి అరుగు మీద కూర్చోబెట్టి, అక్కా నేనూ ముక్కులకి ముసుగులు, చేతులకి తొడుగులు వేసుకుని సబ్బునీళ్ళతో గోడ తోమాం. బొంతలు పారేశాం. ఇంటి మామ్మగారు గొట్టం బాగుచేయించింది. కిటికీ ఎన్నో ఏళ్ళ తర్వాత కిర్రుమంటూ తెరుచుకుంది.

ఇల్లు అలకగానే పండగ కాదు. దగ్గు మెల్లగా తగ్గింది. కాని అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. తెరిచిన కిటికీ దగ్గర బావ క్లారినెట్ పట్టుకుని కూర్చుంటాడు, ఊదడు.

"మామ్మగారు పడుకుంటారే."

అక్క కిటికీలోంచి కిందికి వంగి అరిచింది. "మామ్మగారూ! మా ఆయనకి ఊపిరి కావాలా, మీకు నిద్ర కావాలా?"

కింద తలుపు గడియ తీసిన చప్పుడైంది. తర్వాత, "నిద్ర లేచేశాన్లే. కానివ్వమను" అని వినపడింది.

అలా మొదలైన సాధన, ఊరేగింపు ముందు వారం ఒక సాయంత్రం మంచి పాకాన పడింది. బావ ఒక స్వరం ఎత్తి పట్టుకున్నాడు. నేను చదువుతున్న పేజీ మర్చిపోయాను. వీధిలో ఎవరో నిలబడ్డారు. చూస్తే బ్యాండు మాస్టరు, పలకరించిపోదామని వచ్చినవాడు. స్వరం దిగేదాకా మెట్టెక్కలేదు.

"తాళాలు తెచ్చి ఇచ్చెయ్యవయ్యా. మళ్ళీ ముందు వరసే నీది" అని కింది నుంచే కేకేశాడు.

బావ కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి దురదవల్ల కాదు.

"ఆ తాళాలు నాకివ్వండి" అంది మామ్మగారు అరుగు మీద నుంచి. "పాట రెండో ముక్కలో రోజూ ఒకచోటే తప్పుతున్నాడు. తప్పినప్పుడల్లా ఒకటి కొడతాను."