ఆ యేటి పండగ ఇనాము

మా వైపు చలికాలంలో మంకీ క్యాపు పెట్టుకున్న మనిషిని ఎవరూ తిరిగి చూడరు. పెదబయలు సంతలో అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కళ్ళు తప్ప ఏమీ కనపడకుండానే బేరాలాడుకుంటారు. అందుకే ఆ డిసెంబరులో ఫోన్లలో తిరిగిన వీడియోల్లో ఒకావిడ గోధుమరంగు మంకీ క్యాపుతో, మూతికి చున్నీ చుట్టుకుని మాట్లాడుతుంటే, అది ముసుగని కూడా మాకు తట్టలేదు. లంబసింగి మనిషేమో, చలి కాబోలు అనుకున్నాం. మార్చి వచ్చి ఎండలు ముదిరినా ఆవిడ అదే ఉన్ని టోపీతో కనిపించేసరికి సంగతి అర్థమైంది. అప్పటికే ఊళ్ళో అందరూ ఆమెని టోపీ అక్క అనేవాళ్ళు.

ఆమె చెప్పేది ఎప్పుడూ ఒకటే, మా కొండల మీంచి ఆడపిల్లల్ని గల్ఫుకి పంపిస్తామని తీసుకెళ్ళే ఏజెంట్ల గురించి. చుట్టపుచూపు వీసా మీద విమానం ఎక్కించి, అక్కడ ఎవరింట్లోనో అప్పజెప్పి, తరవాత ఫోను ఎత్తడం మానేస్తారట. ఉత్తినే తిట్టి ఊరుకునేది కాదు, వాళ్ళ ఫొటోలు పెట్టేది, వాళ్ళ గొంతులు వినిపించేది. ఆ దెబ్బకి పాడేరులో ఇద్దరు ఏజెంట్లు బోర్డులు పీక్కుని పోయారు. "పాస్‌పోర్టు నీ సేతిలో నేకపోతే నువ్వూ నీ సేతిలో నేనట్టే గుంటా" అని ప్రతి వీడియోలోనూ ఆడపిల్లలకి చెప్పేది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నా పాస్‌పోర్టు అప్పటికే ఏజెంటు దగ్గరుంది మరి.

మా ఏజెంటు అలాంటివాడు కాడని నా గట్టి నమ్మకం. ఆదివారం మా చర్చికి వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు, పుస్తకం చూడకుండా పాటలన్నీ పాడేవాడు. నాకు కుట్టుపని వచ్చని తెలిసి, కువైట్‌లో బట్టలు కుట్టే షాపులో ఉద్యోగం ఉందన్నాడు. "దేవుడు తలుపు తీశాడమ్మా, నువ్వు నడవడమే" అన్నాడు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే కాఫీ తోటల్లో కూలికెళ్ళేది. ఆమెని ఇంటిపట్టున కూర్చోబెట్టాలని నాకు ఒకటే ఆరాటం. విమానం ఎక్కాలన్న సరదా కూడా ఉంది, అబద్ధం ఎందుకు. టోపీ అక్క సంగతి కదిపితే ఆయన నవ్వేసి, "అక్కడ పని చేతకాక తిరిగొచ్చిన మనిషమ్మా, ఇంకొకరు బాగుపడితే ఓర్వలేదు" అన్నాడు. నేనూ సరే అనుకున్నాను.

ప్రయాణం ఏప్రిల్లో వచ్చే ఇటుకల పండగ రోజుల్లో పెట్టాడు. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి, ఆడుతూ పాడుతూ, వచ్చే పోయే బండ్లని ఆపి ఇనాము అడుగుతారు. వేట దొరక్క ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు పోస్తారు, అందుకని బక్కెట్లలో కలిపి సిద్ధంగా ఉంచుకుంటారు. మేం చర్చివాళ్ళం, ఆ పండగ చేసుకోం. రోడ్డు మీద ఈ గంతులేమిటని మా అమ్మ ఏటా సణిగేది. ఏజెంటుకి మాత్రం ఆ రోజులే అనువుగా కనిపించాయి. మగవాళ్ళు ఊళ్ళో లేకపోతే ఎక్కడికి, ఎందుకు అని నిలదీసేవాడుండడు కదా.

జీపులో నాతోపాటు ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. పొద్దున్నే బయల్దేరాం. దారిలో రెండు చోట్ల తాళ్ళు అడ్డొచ్చాయి. ఏజెంటు జేబులోంచి నోటు తీసి కిటికీలోంచి ఇవ్వడం, వాళ్ళు తాడు దించడం, అంతే. మూడో తాడు దగ్గర ఆయన నోటు ఎవరూ అందుకోలేదు. పాట ఆగిపోయింది. గుంపు మధ్యలోంచి గోధుమరంగు మంకీ క్యాపు ముందుకొచ్చింది. ఆ ఎండలో ఆ ఉన్ని టోపీ చూసి నాకు ముందు నవ్వొచ్చింది.

"మాకు డబ్బులొద్దు బాబూ," అంది టోపీ అక్క. "ఈ యేడు మా ఇనాము ఈ గుంటల పాస్‌పోర్టులు. ఎవలిది వాల సేతికిచ్చీ. తాడు తీసెత్తాం."

"ఎయిర్‌పోర్టులో ఇస్తానమ్మా, తప్పుకోండి."

"ఇక్కడిత్తే ఏటి?"

ఆయన హారన్ మోగించాడు. ఆమె ఫోను పైకెత్తి పట్టుకుంది. అందులోంచి మా ఏజెంటు గొంతే వచ్చింది. కువైట్ ఆఫీసు మనిషినని చెప్పి, ఆమే ఫోన్ చేసి ఆయన చేత మాట్లాడించిందట. "ముగ్గురొస్తున్నారు మేడం. అందరూ ఇంటిపనికే. ఒకమ్మాయికి కుట్టుపని అని చెప్పాను, లేకపోతే కదిలేలా లేదు. పాస్‌పోర్టులు మీ మనిషికే అప్పజెప్తాను, పారిపోతారన్న భయం లేదు."

దేవుడు తలుపు తీశాడని చెప్పిన గొంతే అది.

"దిగండే, బేగి" అంది టోపీ అక్క. ముగ్గురం దిగాం. ఆడవాళ్ళు ముందు సీట్లోంచి సంచీ లాగి, ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ చేతిలో పెట్టారు. ఏజెంటు కిందికి దూకి, నా బండి ఆపడానికి మీరెవరని కేకలేశాడు. బక్కెట్టు పక్కన నిలబడ్డ ఒక పండు ముసలమ్మ తాపీగా వెళ్ళి ఖాళీ జీపులోకి తొంగిచూసింది.

"వేటకొచ్చినావు గదా బాబూ," అంది. "ఒట్టి సేతుల్తో ఎల్తన్నావేటి?"

అని బక్కెట్టు మొత్తం ఆయన తెల్లచొక్కా మీద కుమ్మరించింది. ఆడవాళ్ళలో ఒకామె అదంతా ఫోనులో తీసింది. సాయంత్రానికల్లా ఆ వీడియో చూడని మనిషి లేడు. ఆ మొహం గుర్తుపట్టి, కూతుళ్ళ కబురు తెలియని రెండు కుటుంబాలు పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చాయి. అలా కేసు నిలబడింది.

ఇప్పుడు నాకు అరకులో చిన్న కుట్టు షాపు ఉంది. అమ్మ నా దగ్గరే ఉండి గుండీలు కుడుతుంది. విమానం ఇంకా ఎక్కలేదు, ఎక్కుతాను. ఒక్కోసారి మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి, నేను ఇక్కడ నా మిషను ముందు కూర్చున్నానని గుర్తు చేసుకుంటాను, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అమ్మ ఇప్పటికీ ఆ పండగ చేసుకోదు గానీ, ఏటా ఆ రోడ్డు మీది ఆడవాళ్ళకి బిందెడు చోడంబలి కాచి పంపుతుంది. ప్రార్థనలో పేరు తెలియక "టోపీ పెట్టుకున్న ఆ బిడ్డని చల్లగా చూడు ప్రభువా" అంటుంది. వీడియోలు ఇంకా వస్తూనే ఉన్నాయి, మనిషిని మాత్రం నేను మళ్ళీ చూడలేదు.

ఒక్క సంగతి ఇన్నాళ్ళూ నా కడుపులోనే దాచుకున్నాను. పేడనీళ్ళు పోసిన ముసలమ్మ ఈమధ్యే కన్నుమూసింది, ఇక చెప్పొచ్చు.

ఆ రోజు రోడ్డు వారన టోపీ అక్క చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాను. టోపీ తియ్యక్కా, ఒక్కసారి నీ మొహం చూసుకుంటానని బతిమాలాను. ఆమె నన్ను పక్కకి తీసుకెళ్ళి, గొంతు బాగా తగ్గించింది.

"నానెల్లిన యేడూ పండగే. ఇదే తాడు, ఈడి జీపే. నాను దిగి ఈ ఆడోలతో ఆడినాను కూడాను. ఆ ముసలమ్మే నా తల్లో పువ్వెట్టి, మంచిగా ఎల్లిరా తల్లీ అనీసి తాడు దించినాది. నాకక్కడ ఏటయినాదో మొన్న ఈలకి సెప్పినాను. ఆ పువ్వెట్టిన గుంట నానేనని సెప్పనేదు. తెలిత్తే ఆయమ్మ బతుకుద్దేటి?"

నేను తల తిప్పి చూశాను. ముసలమ్మ ఖాళీ బక్కెట్టు చంకన పెట్టుకుని, మా ఇద్దరి వైపే చూసి బోసినోటితో నవ్వుతోంది.