ఇరవై నాలుగు గంటలు

నేను ఒక సిపాయిని చంపాను. తుపాకీతో కాదు, తాడుతో. ఉరి అనుకునేరు, చర్చి గంట తాడు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. తలలో బుద్ధి ఉండాల్సిన జాగా అంతా సినిమాయే ఉండేది.

మా చిన్నాన్న కొడుకు ప్రవీణన్న చందూర్ దగ్గరి మా ఊళ్లో చిన్న సినిమా తీస్తున్నాడు. అన్న యుద్ధానికి పోతే, చెరకు తోటా ఇల్లూ నెత్తిన పడి ఒక్క ఏడాదిలో పెద్దదైపోయిన చెల్లెలి కథ. అన్న చనిపోయిన కబురు వచ్చాక చర్చి గంట మోగాలి. నేను సౌండ్ ఇంజనీరును. అంటే మైకు పట్టుకునేవాణ్ని.

"ఫోన్ల గంట సౌండు దొరుకుతది కదరా," అన్నాడు ప్రవీణన్న.

"గదేం సౌండన్న, బడి గంట లెక్కుంటది. అసలు గంటే కొడ్త."

"పాస్టర్ గారిని అడిగినవా?"

"అడిగిన," అన్నాను. అడగలేదు. ఆయన నిజామాబాద్ పోయాడని మాత్రం కనుక్కున్నాను.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే, వాళ్ల వయసెంతో అన్ని దెబ్బలు ఆగి ఆగి కొడతారు. పొలాల్లో ఉన్నవాళ్లు పని ఆపి లెక్కపెట్టుకుంటారు. డెబ్బై దాటితే నిట్టూర్చి మళ్లీ పనిలో పడతారు. సినిమాలో అన్న వయసు ఇరవై నాలుగు. మనం కళాకారులం కదా, ఒక్కటి కూడా తగ్గించకుండా కొట్టాను.

సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజులవి. మా ఊరి ఎస్తేరవ్వ కొడుకు సామేలన్న సిపాయి, అక్కడే ఉన్నాడు. నాలుగు రోజులుగా ఫోన్ కలవడం లేదు. ఆయనకు ఇరవై నాలుగేళ్లు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే, అయినా తాడు లాగేటప్పుడు గుర్తుకు రాలేదు.

ఎస్తేరవ్వ చెరకు కొట్టే కత్తితోనే వచ్చింది. ఇరవై దాటాక పరుగందుకుందట. ఇరవై ఐదోది మోగాలని దేవుణ్ని మొక్కుకుంటూ వచ్చిందట.

"సామేలేనా?" అంది.

"కాదవ్వా, సినిమా. ఉత్తగనే కొట్టిన."

"ఉత్తగ కొట్టేటోనివి సక్కగ ఇరవై నాలుగే ఎట్ల కొట్టినవ్?"

ప్రవీణన్న మైకు చూపించాడు, కెమెరా చూపించాడు. కథ చెబితే నమ్ముతుందని, "గిండ్ల ఒక పిలగాడు మిలిట్రీల పోయి..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు. ఊరంతా కూడింది. ఎవరు ఏం కాలేదన్నా ఎస్తేరవ్వ వాళ్ల మొహం చూసి, "నాకు ధైర్యం జెప్తున్నరు," అనేది. నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. కత్తి పక్కన పెట్టి చర్చి మెట్ల మీద కూర్చుంది. అన్నం తెస్తే వద్దంది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నేను ఏడిస్తే ఖాయం చేసుకుంటుందని ఏడవలేదు. ఇరవై నాలుగు గంటలు కొట్టినవాడికి ఇరవై నాలుగు గంటల శిక్ష పడింది.

మర్నాడు అదే వేళకు ఆమె ఫోన్ మోగింది.

"అవ్వా, నేను. టవర్ లేకుండె."

ఎస్తేరవ్వ ఫోన్ నా చేతిలో పెట్టింది. "నువ్వు మాట్లాడు. వాన్ని సంపింది నువ్వే కద."

మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు, వెక్కిళ్లు గుర్తున్నాయి. ఆమె కత్తి తీసుకుని లేచి, పోతూ పోతూ నా నెత్తి మీద చెయ్యి వేసింది.

"నేను పోయిన్నాడు నువ్వే కొట్టు బిడ్డా. నీకు లెక్క మంచిగొస్తది."

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. చర్చి గంట సంగతి అటుంచండి, కాలింగ్ బెల్లు కూడా నొక్కను. ఎవరింటికి పోయినా వాకిట్లో నిలబడి పిలుస్తాను. ఎస్తేరవ్వ ఇంటి ముందు మాత్రం పిలవడానికి ముందే, "సామేలన్న మంచిగున్నడు," అని గట్టిగా చెబుతాను.