జనగామ మీటింగులో నేను కొట్టిన మనిషి

భూపాలపల్లిలో మా ఆయనది బొగ్గుబాయి పని. పొద్దుటి షిఫ్టు దిగిన రోజుల్లో మధ్యాహ్నానికే తాగి వచ్చేవాడు. ఆ రోజు అన్నం మెత్తగా అయిందని గిన్నె ఎత్తి నా మీద విసిరాడు. వేడి మెతుకులు మెడకు అతుక్కుని కాలాయి. నేను అరిచేలోపే జుట్టు పట్టుకుని నా తలను ద్వారబంధానికి కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

మా తమ్ముడు నెల్లికుదురు దగ్గరి మా తండా నుంచి ఎండుమిర్చి సంచి తెచ్చి, అప్పుడే బయట నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. లోపలికి వచ్చి చూశాడు. మూలనున్న గడ్డపార తీసి మా ఆయన ముంజేతి మీద వేశాడు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. నెత్తురు కంట్లోకి కారుతున్నా నాకు సంతోషం కలిగింది.

దవాఖానలో ఆయన చేతికి పట్టీ వేశారు, నా నుదుటికి కుట్లు వేశారు. కుట్లు వేసిన నర్సు అడిగింది.

“ఎవరిని ఎవరు కొట్టిన్రు?”

“ఆయన నన్ను. నా తమ్ముడు ఆయనను.”

ఆమె దారం కత్తిరిస్తూ గొంతు తగ్గించింది. “అక్కా, జనగామల తాగుడు మానినోళ్లు ఆదివారం ఒక కాడ కూసుండి మాట్లాడుకుంటరు. మా బావ గట్లనే మానిండు. బస్టాండుకు జర దూరంల ఒక బడి ఉంటది, అండ్ల. తీస్కపో.”

చెయ్యి విరిగిన భయంతోనో ఏమో, వస్తానని ఆయన ఒప్పుకున్నాడు. బిడ్డను తమ్ముడి దగ్గర వదిలి బయల్దేరాం. హనుమకొండలో బస్సు మారాలి. టాయిలెట్‌కు పోతున్నానని చెప్పి, తాగి వచ్చాడు. “గీ ఒక్క పూట ఆగకపోయినవా?” అన్నాను. పట్టీ వేసిన చేత్తోనే నా మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లింది. చుట్టూ జనం. ఒక పెద్దమనిషి, “మొగడు పెండ్లాల లొల్లి, మనకెందుకు,” అని సంచి సర్దుకున్నాడు. మా ఆయన భూపాలపల్లి బస్సెక్కి వెళ్లిపోయాడు. ఇంటికి వెళ్తే అక్కడ ఉండేది ఆయనే. అందుకని నేను జనగామ బస్సెక్కాను.

జనగామలో దిగి ఒక చాయ్ బండి దగ్గర అడిగితే అతను నవ్వాడు. “తాగేటోళ్లు ఏడుంటరో అడుగవ్వా, చూపెడత. మానినోళ్లు నాకేం ఎర్క?” మొదట వెళ్లిన బడికి తాళం ఉంది. రెండో బడి వరండాలో కొందరు మగవాళ్లు నిలబడి చాయ్ తాగుతున్నారు. ఒకాయన నా పెదవి వైపు చూసి, ఏమీ అడగకుండా, “లోపలికి రా చెల్లె,” అన్నాడు. పేరు అడగలేదు. అక్కడ ఎవరూ ఎవరి పేరూ అడగరట.

పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నాం. నన్ను పిలిచినాయనే ముందుగా లేచాడు. లింగాల ఘనపూర్ దగ్గర వ్యవసాయమట. “తాగి నా భార్యను రోకలితోని కొట్టిన,” అన్నాడు. “ఎడమ చెవి పోయింది. ఇప్పుడు పిలవాల్నంటే కుడి పక్కకు పోయి పిలుస్త.”

వానలు ఎప్పుడు పడ్డాయో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మదే నేను తట్టుకోలేకపోయాను. లేచి వెళ్లి చెంప మీద కొట్టాను. రెండో చెంపా కొట్టాను. తిట్లన్నీ మా తండా భాషలోనే వచ్చాయి. అతనికి ఒక్కటీ అర్థమై ఉండదు. ఇద్దరు నన్ను పట్టుకున్నారు.

“ఇడువున్రి,” అన్నాడతను. చేతులు వెనక్కి కట్టుకుని అలాగే నిలబడ్డాడు. నా చెయ్యి మళ్లీ లేవలేదు. అప్పుడు అడిగాడు: “నీ మొగడు ఏడున్నడు చెల్లె?”

చెప్పాను.

తర్వాతి ఆదివారం అతను, ఇంకొకాయన కలిసి భూపాలపల్లికి వచ్చారు. వాకిట్లో వాళ్లను చూసి మా ఆయన బూతులు తిట్టి, ఇటుక ముక్క తీసి విసిరాడు. అది ఘనపూర్ మనిషి కనుబొమ్మ మీద తగిలి నెత్తురు చొక్కా మీదికి కారింది. చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లు బయటికి వచ్చారు. అతను తువ్వాల అదిమిపట్టి మా మెట్టు మీద కూర్చున్నాడు.

“ఇంకోటుంటే అదీ ఇసురు తమ్మీ. అయినంక మాట్లాడుదం.”

మా ఆయన ఇంకో ఇటుక తీశాడు. పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మురుగు మోరీ పక్కన వంగి కక్కుకున్నాడు. ఘనపూర్ మనిషే లేచి వెళ్లి వీపు నిమిరాడు.

అప్పటి నుంచి మా ఆయన జనగామ వెళ్లడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడు. ఆ రోజు తలుపు విరగ్గొట్టి నా గొంతు పట్టుకున్నాడు. ఈసారి నేను తమ్ముణ్ని కాదు, పోలీసులను పిలిచాను. బిడ్డను తీసుకుని మహబూబాబాద్ వచ్చేశాను. ఇక్కడ ఒక గదిలో ఉంటూ బట్టలు కుడుతున్నాను.

ఆయన తర్వాత మానేశాడు. నిజంగానే మానేశాడు. ఒక్క మీటింగూ తప్పనివ్వడు. అప్పుడప్పుడు బిడ్డను చూడటానికి వస్తాడు, అన్నం తింటాడు. పోయేముందు, “ఇంటికి రారాదూ,” అంటాడు.

“నువ్వు మానినవు. నేను చూస్తనే ఉన్న. గాని నేను రాను,” అంటాను.

టైం చూసుకోవడానికి ఆయన చెయ్యెత్తితే, నేను కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నా నా భుజం దానంతటదే వెనక్కి జరుగుతుంది. ఆయనకు అది కనిపిస్తుంది. టైం చూసుకోకుండానే చెయ్యి మెల్లగా దించేస్తాడు.