వాన వాసన పడని ఏడాది

మొదటిసారి కీమో ఎక్కించుకొని బెంగుళూరు నుంచి ఊరికి తిరిగొస్తా ఉంటే, చిక్కబళ్ళాపురం బస్టాండులో నా పని అయిపోయిందనుకున్నా.

"వాంతులు అయితాయి, జుట్టు ఊడుతాది" అని ఆసుపత్రిలో చెప్పి పంపించినారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. బస్సు ఆగినాక ఆడోళ్ల మరుగుదొడ్డిలోకి పోయి కూర్చున్నా. కిందికి చూస్తే ఎర్రగా పారతాంది. ఏదో కొంచెం కాదు, కుంకుమ కలిపిన నీళ్ల మాదిరి. గోడ పట్టుకొని లేచి బయటికొచ్చినా.

మా ఆయన సంచి భుజానేసుకొని నిలబడుకోనుండాడు.

"నెత్తురు పోతాంది" అన్నా.

"యాడ్నుంచి?"

చెప్పినా. ఆయన, జనం తొక్కుకుంటా పోయే ఆ సిమెంటు నేల మీద, బత్తాయి తొక్కల మధ్యన, అట్లనే కూలబడిపోయినాడు. వరసగా బోర్లు ఎండిపోయినప్పుడు కూడా ఆ మనిషి కూలబడింది నేను చూడలేదు.

కొంచేపటికి లేచి, ఎదురుగా ఉండే ఎస్టీడీ బూతుకు ఉరికినాడు. ఆసుపత్రి చీటీ మీది నంబరుకు ఫోను చేసినాడు. నేను వెనకాలే పోయి అద్దం తలుపు పట్టుకొని నిలబడినా. ఫోను ఎత్తింది కీమో వార్డు నర్సు. ఆమెది మా జిల్లా గుత్తి. బెంగుళూరులో ఉద్యోగం చేస్తాండినా మాతో తెలుగులోనే మాట్లాడేది. ఆమె చెప్పింది నాకూ వినపడింది.

"ఎర్ర మందు ఎక్కించినాము కదన్నా. ఆ మందు రంగే దిగుతాది. నెత్తురు కాదు. నీళ్లు బాగా తాపించండి, మామూలయితాది."

"ఈ మాట ముందే చెప్పల్ల గదమ్మా!" అని ఆయన అరిచినాడు. బయట జనం తిరిగి చూసినారు.

"చెప్పలేదా?" అనింది నర్సు. ఆమె గొంతులో కూడా ఆశ్చర్యమే.

మాది చిలమత్తూరు అవతల, కర్ణాటక పొలిమేరకు ఆనుకున్న పల్లె. వాన పడితే చెనిక్కాయ విత్తుతాము, పడకపోతే మొయిలు కోసరం ఎదురు చూస్తా కూర్చుంటాము. రెండువేలు దాటిన తొలి ఏండ్లు అవి, కరువు మీద కరువు. పిల్లలు హిందూపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటాండ్రి. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్త. నాకప్పటికి ఇంకా నలభై నిండలేదు. ఒకనాడు నీళ్లు పోసుకుంటా ఉంటే రొమ్ములో గట్టిగా, చింతగింజంత చేతికి తగిలింది. నొప్పి లేదు గదా అని ఊరుకుంటే అది పెరిగింది. బెంగుళూరులో ఆపరేషను చేసి రొమ్ము తీసేసినారు. "మిగిలిందేమన్నా ఉంటే సంపేదానికి మందు ఎక్కించల్ల, మూడు వారాలకు ఒకసారి, ఆరు సార్లు" అన్నారు.

రొమ్మే తీసేసినాక ఇంక సూదులెంత అనుకున్నా. వాంతులంటే నాకు భయం లేదు. రెండు కాన్పులకూ వేవిళ్లు పడిన దాన్ని. అట్లనే ఉంటాదిలే అనుకున్నా.

దానికీ దీనికీ పోలికే లేదు. ఇంటికొచ్చిన మరుసటి పొద్దున మొదలయింది. తిన్నది వచ్చేసినాక పసరు వచ్చింది, పసరు అయిపోయినాక నురగ, అదీ అయిపోయినాక ఉత్త డోకు. లోపల ఏమీ లేకపోయినా ఎవరో పేగులు పట్టుకొని పైకి లాగుతాండట్ల. ఊపిరి తీసుకునేదానికి కూడా సందు ఇయ్యలేదు. నా ఒళ్లు ఇట్ల చేయగలదని నాకే తెలీదు.

నీళ్లు తాగితే తుప్పు రేకు నాకినట్ల ఉండె.

"అత్తా, ఈ ట్యాంకరు నీళ్లలో ఏమో కలిసుండాది" అన్నా.

మా అత్త ఒక గుక్క తాగి చూసింది. "బాగానే ఉండాయి కదమ్మే" అనింది. అయినా నమ్మకం లేక పక్క ఊరి చేదబావి నుంచి ఒక బిందె తెప్పించింది. అవీ తుప్పే. చెడింది నీళ్లు కాదు, నా నాలుక అని అప్పుడు తెలిసింది.

మా అత్త నోరు ఊరందరికీ తెలుసు. నేను కాపరానికి వచ్చిన నాటి నుంచి ఆమె నాతో మెత్తగా మాట్లాడింది లేదు. ఆ పొద్దు ఆమె చెనిక్కాయ నూనెలో ఆవాలేసి తిరగవాత పెట్టింది. ఆ వాసన తగిలీ తగలకముందే నేను మంచం మీదనుంచి కిందికి దిగి, పాకులాడుకుంటా వాకిట్లోకి పోయి పడినా. చట్టి చేత్తో పట్టుకొని ఆమె నా వైపు చూసింది. పొయ్యి రాళ్లు పెళ్లగించి గొడ్ల కొట్టం వెనకాల పెట్టుకునింది. అయితే గాలి తిరిగినప్పుడు పక్కింటి తిరగవాత వచ్చింది. అప్పుడు ఆమె కొంగు నడుముకు దోపుకొని ఆ ఇంటి వాకిట్లో నిలబడింది.

"మా కోడలు చస్తాంది మీ వాసనకు. ఏమన్నా వండుకోండి, తిరగవాత మాత్రం పెట్టొద్దండి."

"తిరగవాత లేకుండా కూడెట్ల దిగుతాదమ్మా?" అనింది పక్కింటామె.

"మూడు పొద్దులు తినకపోతే ఎవురూ సావరు."

పడుకున్న చోటు నుంచే అంతా వింటాండా. నాకోసరం ఆమె ఒకరితో తగువు పెట్టుకోవడం అదే మొదటిసారి. ఆ మూడు పొద్దులూ ఆమె కూడా సంగటిలోకి కారంపొడి, ఉల్లిగడ్డతోనే సరిపెట్టుకునింది.

అన్నిటికన్నా నన్ను బిత్తరపోయేట్ల చేసింది ఇంకొకటి. సాయంత్రం మా ఆయన పొలం నుంచి వచ్చి, నా తల నిమురుదామని మంచం దగ్గర కూర్చున్నాడు. ఇరవై ఏండ్లు పక్కన పడుకున్న మనిషి. ఆ చెమట, ఆ మట్టి, ఆ బీడీ, నాకు తెలియని వాసన ఏదీ ఆయన దగ్గర లేదు. డోకు తన్నుకొచ్చింది.

"నువ్వు దగ్గరికి రావద్దయ్యా. నీ వాసన నాకు పడడంల్యా."

అన్నాక ఆ మాట నేనే అన్నానా అని నాకే అనిపించింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లేచి పోయి, బిందె నీళ్లు ఊరకనే వాడితే తిట్టుకునే రోజుల్లో, తలస్నానం చేసొచ్చినాడు. ఈసారి సబ్బు వాసన. అది ఇంకా అన్యాయం. ఇంక ఆయన తన మంచం తీసుకుపోయి బయట వేసుకున్నాడు. ఆనాటి నుంచి నాతో మాట్లాడల్లంటే వాకిలి కడప దగ్గర నిలబడి, గాలి ఎటు వీస్తాందో చూసుకొని మాట్లాడేటోడు.

రెండోసారి మందుకు పోయే లోపల జుట్టు పోయింది. ముందే చెప్పినారు కదా, తెలిసిందే కదా అనుకున్నా. తెలిసుంటే ఏమి? మా అత్త దువ్వెన పెట్టి లాగితే, నొప్పి లేకుండా, గడ్డివామిలోంచి పరక లాగినట్ల, కుచ్చులు కుచ్చులు చేతికొచ్చినాయి. ఆమె దువ్వెన కింద పెట్టేసి "చాల్లే" అనింది, ఎవరితోనో. మంగలిని పిలిపించి గుండు చేపించినారు. బస్సులో పక్కన కూర్చున్న ఒకామె నా ముసుగు కింద గుండు చూసి "తిరుపతికి పోయొచ్చినారా?" అని అడిగింది. "ఊ" అన్నా. ఆమె నా చేతులు తీసుకొని కండ్లకద్దుకునింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నా.

ఆసుపత్రిలో గుత్తి నర్సు అడిగింది, "వాంతుల మాత్రలు ఏసుకోలేదా? ఇంతగా చిక్కిపోయినావే?"

"ఏసుకున్నా. వాంతి అయినప్పుడంతా ఏసుకున్నా. ఏసింది ఏసినట్లే బయటికొచ్చె."

ఆమె చేతిలోని సూది పక్కన పెట్టేసింది.

"వాంతి అయినాక ఏసుకుంటే కడుపులో యాడ నిలబడతాదమ్మా? రాకముందే ఏసుకోవల్ల. వచ్చినా రాకపోయినా, పొద్దున, రాత్రి, చెప్పినన్ని పొద్దులు. ఒకసారి మొదలయిందంటే ఆపేది కష్టం."

నేను ఆమె మొగమే చూస్తాండా. 'వాంతులకు' అని ఇచ్చినారు, వాంతులొస్తే ఏసుకునేదానికి అనుకున్నా. తలనొప్పి మాత్ర తల నొచ్చినప్పుడే కదా మింగేది! అంటే ఆ నరకంలో సగమన్నా ఊరికే పడినానా? కోపం ఎవరి మీద తెచ్చుకోవల్లనో తెలీలేదు. మా ఆయన గోడకు ఆనుకొని, తలకాయ మెల్లగా గోడకేసి కొట్టుకుంటాండాడు.

నర్సు ఆ పొద్దు నా మంచం పక్కనే కూర్చొని అన్నీ చెప్పింది. ఆకలయ్యే దాకా ఆగొద్దు, ఉత్త కడుపుకే ఎక్కువ తిప్పుతాది. నిండా తినొద్దు, రెండేసి ముద్దలు తిను. ఉడుకుది వాసన కొడతాది, చల్లారింది తిను. నీళ్లు పడకపోతే నిమ్మకాయ పిండుకో.

"నీకు బాగా ఇష్టమైంది ఏంది?" అని అడిగింది చివరాఖర్న.

"చెనిక్కాయలు, బెల్లం దంచి చేసే ఉంటలు."

"మందు ఎక్కించిన వారం వాటి జోలికి పోవద్దు. వాంతిలో ఒకసారి వచ్చినాయంటే మళ్లా ఎప్పటికీ తినలేవు."

ఏమి చెప్పేది? ఏదన్నా తింటానేమోనని మొదటి వారమే మా అత్త ఆ ఉంటలు చేసి పెట్టింది. ఈనాటికీ నాకు అవి గొంతు దిగవు.

ఆసారి మాత్ర ముందే మింగినా. చల్లారిన రాగి అంబలి చెంబులో పోసుకొని గుక్కెడు గుక్కెడుగా తాగినా. వాంతులు పూర్తిగా పోలేదు గానీ, మనిషిని మనిషిగా ఉండనిచ్చినాయి. హమ్మయ్య, దావ దొరికింది అనుకున్నా. మూడోసారి పోయినప్పుడు, ఇంకా సూది పడలేదు, పేరు కూడా పిలవలేదు, ఆసుపత్రి గేటు కనపడిందో లేదో రోడ్డు పక్కన కూర్చొని కక్కినా. మందు ఒంట్లోకి పోకముందే! నాకు పిచ్చి పట్టిందేమో అని భయపడినా. "చానా మందికి అట్ల అయితాది, మనసు గుర్తుపెట్టుకుంటాది" అనింది నర్సు. ఆ తర్వాత నుంచి బయలుదేరే ముందే ఒక మాత్ర మింగమని డాక్టరు రాసిచ్చినాడు.

మూడోసారి మందుకు నోరంతా పుండ్లు పడినాయి. ఉప్పు నీళ్లు పుక్కిలించుకుంటా, అంబలి కూడా మండుతా ఉంటే మజ్జిగతో బతికిన ఆ రోజుల్లోనే వాన వచ్చింది.

మధ్యాన్నం దాటినాక మొయిలు కమ్ముకునింది. ఊరంతా వీధిలోకొచ్చింది. చినుకులు అవతలి గుట్ట మీద పడతానే, వాటికన్నా ముందే గాలి తడి మట్టి వాసన తెచ్చింది. ఎంత కాలమైందో ఆ వాసన చూసి. నేను కూడా కడప మీదికి వచ్చి, గట్టిగా ఊపిరి పీల్చినా.

కడప పట్టుకొని ఆడనే వాంతి చేసుకున్నా.

నమ్మలేకపోయినా. తల ఎత్తి మళ్లా వాసన చూసినా, వేరే ఏదన్నా అయ్యుంటాదేమో అని. మళ్లా వచ్చింది. పుట్టినప్పట్నుంచి నాయన పక్కన నిలబడి, పెండ్లయినాక మొగుని పక్కన నిలబడి ఎదురుచూసింది దీని కోసరమే కదా! నా ఒళ్లు దాన్ని కూడా బయటికి ఊంచేసింది.

మా అత్త ముందు వీధి వైపు చూసింది. ఆ తర్వాత చరచరా వచ్చి, కొంగు రెండు చేతుల్తో పరిచి పట్టుకొని, వీధికి నేను కనపడకుండా అడ్డం నిలబడింది.

"లోపలికి పా. ఎవురూ చూడల్యా."

తొలి వానకు ఇంటి ఆడది కక్కుకునిందంటే ఊరు ఏమంటాదో ఆమెకు తెలుసు. కడప తానే కడిగేసింది. తలుపులేసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, ఒక నిమ్మకాయ కోసి నా ముక్కు దగ్గర పెట్టింది. నేను ఏడుస్తా ఉండా.

"అత్తా, వాన వాసన కూడా నాకు పడలేదు!"

"వానది తప్పు కాదు, నీది తప్పు కాదు. ఆ మందుది. పీల్చు, నిమ్మకాయ పీల్చు."

అప్పుడే మా ఆయన పొలం నుంచి తడిసిపోయి, నవ్వుకుంటా ఉరుక్కుంటా వచ్చినాడు. తలుపు తోసి నా మొగం చూసేసరికి ఆ నవ్వు పోయింది. మా అత్త చెప్పింది. ఆయన నన్ను చూసినాడు, వెనక్కి తిరిగి వానను చూసినాడు. లోపలికి రాకుండా చూరు కిందనే నిలబడి, "తెల్లారి విత్తనం ఏసుకోవచ్చు" అన్నాడు మెల్లగా, అదేదో అనగూడని మాట అయినట్ల.

మిగిలిన మూడు సార్లూ ఎట్లనో గడిచిపోయినాయి. ఆరోది అయినాక డాక్టరు "ముగిసింది, ఊరికి పోండి" అన్నాడు. సంతోషం వస్తాదనుకున్నా. ఏమీ రాలేదు. చెప్పినట్ల మాత్రలు మింగుతా, అంబలి తాగుతా, వారాలు గడిపినా.

ఒకనాడు మా ఆయనకు కదిరిలో పని పడింది. "నువ్వూ రా, గాలి మారుతాది" అన్నాడు. బస్టాండు దగ్గర తోపుడుబండి మీద ఒకామె ఉగ్గాని కలుపుతాంది, నానేసిన బొరుగుల్లో పుట్నాల పొడి, నిమ్మరసం పోసి. పక్కన బాణలిలో మిరపకాయ బజ్జీలు వేగుతాండాయి. ఆ మరిగే నూనె దగ్గర నేను నిలబడిపోయినా. కడుపులో ఏదో కదిలింది. అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా. డోకు రాలేదు. అదేందో నాకు కొంచేపు తెలియలేదు.

ఆకలి.

"నాకు ఆకలయితాంది" అన్నా. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఇదా? నూనెదా? వద్దులే, ఇడ్లీ తిందువు రా" అన్నాడు ఆయన భయపడి.

"ఇదే కావల్ల."

నిలబడుకొనే తిన్నా. బజ్జీ కొరికితే నాలుక మీద కారం తెలిసింది, ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది. కండ్లల్లో నీళ్లు కారతాండాయి. ప్లేటు ఖాళీ చేసి ఇంకొకటి అడిగినా. ఆయన తన ప్లేటు ముట్టుకోకుండా, చేతిలో నీళ్ల చెంబు పట్టుకొని, నేను ఏ నిమిషాన కక్కుతానో అని నా నోటి వైపే చూస్తా నిలబడినాడు.

"ఏమప్పా, మీ ఆవిడ బో ఆకలి మీదుండాదే!" అని నవ్వింది బండి ఆమె.

నేను రెండో ప్లేటు కూడా ముగించి, చెయ్యి కడుక్కొని, ఆయన ప్లేటులోని బజ్జీ తీసుకున్నా.