గోడవైపు తిప్పిన కుర్చీ

మెదెయీన్‌లో అరన్హువెస్ పేటకి చెందిన ఎడిల్మా ఒస్సా పందొమ్మిదేళ్ళు చొక్కాలకి గుండీలు కుట్టింది. ఆ కుట్టు కర్మాగారం మూతపడ్డాక, నలభై ఒకటో ఏట, అభిప్రాయాలు చదివే ఉద్యోగంలో చేరింది. అదేం ఉద్యోగం అని నవ్వకండి. టీవీ సీరియళ్ళ మీద మెక్సికో నుంచి చిలీ దాకా జనం రాసే ప్రతి మాటా ఆ హాల్లోకి వచ్చి పడుతుంది. చదవాలి, తెర మీదున్న నాలుగు డబ్బాల్లో ఒకదాంట్లో వెయ్యాలి. మెచ్చుకోలు, విసుగు, తిట్టు. నాలుగోది ఎర్ర డబ్బా. ఏదైనా కంపెనీ లోగుట్టు బయటపెట్టే మాటలు అందులోకి వెళ్ళాలి. ప్రతి అభిప్రాయాన్నీ ముగ్గురు చదువుతారు. ఆ ముగ్గురిలో ఒక్కరు ఎర్ర డబ్బా నొక్కినా చాలు, రాసిందెవరో పైఅంతస్తు వాళ్ళు కూపీ లాగుతారు.

ఆరేళ్ళుగా ఎడిల్మా రోజుకి వెయ్యిమంది అభిప్రాయాలు చదివింది. నీ అభిప్రాయమేమిటి తల్లీ అని ఆమెని అడిగినవాడు లేడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ ఏడాది అందరి నోటా ఒకటే సీరియల్, ‘లోపలి మెట్లు’. కిటికీల్లేని ఆఫీసు, ఏం లెక్కపెడుతున్నారో తెలియకుండా లెక్కపెట్టే గుమాస్తాలు. ప్రతి సోమవారం ఒక గుమాస్తా, అతని కుర్చీ మాయమవుతాయి. అతనేమయ్యాడని ఎవరైనా నోరు తెరిస్తే మిగతావాళ్ళు తలెత్తకుండా “ఎవరు?” అంటారు. జనం దీని మీద ఎగబడి రాశారు. మెట్లు కల అని కొందరు, అందరూ ఎప్పుడో చచ్చిపోయారని కొందరు. ఎక్కువమంది మాత్రం ఒకటే మాట: ‘వీళ్ళు గట్టిగా అడగరేం? నేనైతే అడిగేసేవాణ్ణి.’ ఎడిల్మా వాటిని విసుగు డబ్బాలోకి తోసేది.

సెప్టెంబరు మొదటి ఆదివారం, భోజనాలయ్యాక, అక్క రోసాల్బాతో కలిసి ఆమె ఆ సీరియల్ చూసింది. బయట వాన.

“నీ ఆఫీసులాగే ఉందే ఇది. ఆ సూపర్వైజరు అచ్చం మీ యామిలేనే,” అంది రోసాల్బా, మొక్కజొన్న రొట్టె మీద వెన్న రాస్తూ.

“మాది ఇంత నీటుగా ఉండదులే. మావాళ్ళు కుర్చీ తియ్యరు.”

“మరేం చేస్తారు?”

ఎడిల్మా అక్కకి చెప్పి ఊరుకుంటే ఈ కథ లేదు. అక్క కునుకు తీయగానే ఫోన్ తీసి, ప్రేక్షకులు రాసుకునే చోట, జీవితంలో మొదటిసారి తన అభిప్రాయం రాసింది: ‘కుర్చీ మాయం కావడం వట్టి నాటకం. నిజం ఆఫీసుల్లో కుర్చీని గోడవైపు తిప్పి పెడతారు. మూడు రోజులు దాని మీద ఎవరూ కూర్చోరు. నడవలో అడ్డొస్తున్నా పక్కకి జరపరు, ఒత్తిగిలి నడుస్తారు. నాలుగో రోజు కొత్తవాళ్ళు వస్తారు.’ కింద పేరు అడిగితే ‘గుండీ’ అని పెట్టింది. రాసినందుకు కడుపు నిండినట్టయింది, పడుకుంది.

ఆరేళ్ళు ఒకే హాల్లో ఉంటే ఇంతే. లోకంలో అన్ని ఆఫీసులూ కుర్చీని అలాగే తిప్పుతాయని ఆమె నిజంగా అనుకుంది.

సోమవారం పదకొండింటికి, ఆ అభిప్రాయం ఆమె తెర మీదకే వచ్చింది.

ఎడిల్మా రెండుసార్లు చదివింది. అక్షరం అక్షరం తనదే. నడవలోంచి ఒత్తిగిలి నడవడం, నాలుగో రోజు. ఇది ఈ హాలే అని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. గబుక్కున మెచ్చుకోలు నొక్కింది. అది మాయమైంది గానీ, ఇంకా ఇద్దరు చదవాలి. హాల్లో నలభై మంది. ఆ ఇద్దరెవరు? ఈ వయసులో ఉద్యోగం పోతే తనని మళ్ళీ పనిలో పెట్టుకునేవాళ్ళెవరూ లేరు. గుండీలు కుట్టడానికి ఇప్పుడు యంత్రాలున్నాయి.

మంగళవారం తన బల్ల మీద జామపండు హల్వా ముక్క ఉంది. అందులో వింతేం లేదు, సెప్టెంబరు కదా. నెల మొదట్లో అందరూ సంచిలోంచి ఒక్కో పేరు తీస్తారు. వచ్చిన పేరు ఎవరిదో వాళ్ళకి రహస్య స్నేహితులై, కంటపడకుండా తీపి పెడుతుంటారు. మూడో శనివారం స్నేహితుల పండగ. దానికి ముందురోజు, శుక్రవారం, ఎవరెవరో బయటపడతారు. ఈలోపు అడగకూడదు, కూపీ తియ్యకూడదు. హల్వా కింద మడిచిన చీటీ ఉంది. ఎప్పుడూ ‘నీ నవ్వు బాగుంటుంది’ లాంటి చీటీలే కదా అని విప్పింది.

‘గుండీ రాసింది చదివాను.’

చేతిరాత కాదు, అచ్చు. ఎడిల్మా చీటీని నోట్లో పెట్టుకుని మింగేద్దామనుకుంది, అంత భయం వేసింది. ఆ పేరు పెట్టడం ఎంత తెలివితక్కువతనమో అప్పుడు తట్టింది. ఆమె సొరుగులో గుండీల డబ్బా ఉంటుందని హాలంతటికీ తెలుసు. ఊడిన గుండీ పట్టుకుని రానివాళ్ళు లేరు. యామిలే కోటు గుండీలు కూడా ఆమె కుట్టినవే.

“ఏంటి దోన్యా ఎడిల్మా, మొహం పాలిపోయింది?” అంది యామిలే, పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో, పక్కనించి వెళుతూ. “తీపి పడలేదా?”

“ఏం లేదు మేడం. పన్ను సలుపు.”

“పన్నయితే పీకించెయ్యాలి. దాచుకుంటే పక్కదానికి పాకుతుంది.”

ఆ మాట నిజంగా పన్ను గురించేనా? ఆ రోజు మధ్యాహ్నమంతా ఎడిల్మా అదే ఆలోచించింది.

గురువారం కొబ్బరి ఉండ వచ్చింది. చీటీలో: ‘గుండీ ఇంకేమీ రాయకూడదు.’ దాన్ని ఆమె తినలేదు, ఇంటికి పట్టుకెళ్ళి అక్కకి జరిగిందంతా చెప్పింది.

“విషం పెట్టారేమో అక్కా.”

“విషమైతే నేను పోతా, నీకు మంచమంతా దక్కుతుంది,” అని రోసాల్బా సగం కొరికింది. తర్వాత నవ్వు ఆపి చెల్లెలి మొహం చూసింది. “నిన్ను తీసేస్తారా ఏంటే?”

“తీసేయడం ఒకెత్తు అక్కా. పండగ ముందు శుక్రవారం అందరి ముందూ వెనకాల నిలబడి, ఇదిగో గుండీ అంటే? అది తల్చుకుంటే ఊపిరాడ్డం లేదు.”

రెండు వారాలు అలా గడిచాయి. కాఫీకి వెళితే ఎవరు తనకేసి చూస్తున్నారో చూసేది. పక్క వరుసలో లెయిడీ అనే ఇరవై మూడేళ్ళ పిల్ల గట్టిగా నవ్వినా ఉలిక్కిపడేది. ‘లోపలి మెట్లు’ మీద వచ్చే ప్రతి అభిప్రాయాన్నీ వేలు గాల్లో పెట్టుకుని చదివేది, తనది మళ్ళీ తిరిగొస్తుందేమోనని.

పండగ ముందు శుక్రవారం నాలుగింటికి పని ఆపారు. పద్ధతి ఏమిటంటే, ఎవరి పేరు తీశామో వాళ్ళ కుర్చీ వెనక నిలబడి, వీపు మీద చెయ్యి వెయ్యాలి. హాలంతా కేరింతలు. ఎడిల్మా కళ్ళు మూసుకుంది. కుర్చీ వీపు మీద ఒక చెయ్యి పడింది. తిరిగి చూడాలంటే మెడ తిరగలేదు.

“నేనేలెండి దోన్యా ఎడిల్మా. భయపడకండి.”

ఒవీడియో కార్దోనా. లెయిడీ పక్కన కూర్చునే, యాభై దాటిన, నోరు మెదపని మనిషి. ఆయన చొక్కా గుండీలు రెండుసార్లు కుట్టింది. చేతిలో అట్టకి కుట్టిన పన్నెండు నీలం గుండీలు.

“మీరా?” అంది. ఏడుపు, నవ్వు కలిసిపోయి వచ్చాయి. “ప్రాణాలు తీశారు కదండీ. మామూలుగా చెప్పొచ్చుగా.”

“ఆటలో మాట్లాడకూడదు కదా. చీటీ చూసి మీరు జాగ్రత్తపడతారనుకున్నా. భయపెడుతున్నానని తోచలేదు, నాకు రాయడం చేతకాదు.” ఆయన గొంతు తగ్గించాడు. “ఆ అభిప్రాయం నాకొచ్చింది, మెచ్చుకోలులో వేశా. మూడోసారి అది లెయిడీ తెర మీద కనిపించింది. ఆ పిల్ల చదివితే పకపకా నవ్వి అందరికీ వినిపిస్తుంది. కాఫీకి లేచిన టైములో నేనే నొక్కేశా.”

“ఇంకొకరి మిషను మీద చెయ్యి వేశారా?”

“ఒక్క నొక్కు. ఎవరు చూస్తారు?” అన్నాడు ఒవీడియో. “చాలా బాగా రాశారండీ. ఆ ఒత్తిగిలి నడవడం. మూడుసార్లు చదివా.”

ఆరేళ్ళలో ఆమె అభిప్రాయాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి. ఆ రాత్రి ఎడిల్మా హాయిగా నిద్రపోయింది.

సోమవారం ఎనిమిదింటికి హాల్లోకి వచ్చేసరికి, లెయిడీ పక్క కుర్చీ గోడవైపు తిరిగి ఉంది.

దాని వీపు మీద ఎప్పుడూ వేలాడే బూడిదరంగు స్వెట్టరు లేదు. ముందు వచ్చినవాళ్ళు నడవలో ఒత్తిగిలి తమ చోట్లకి వెళుతున్నారు. ఎడిల్మా కూడా ఒత్తిగిలే వెళ్ళింది, కాళ్ళకి అలవాటే మరి. కూర్చుంది. తెర వెలిగింది. మొదటి అభిప్రాయం ఎక్కడో లీమా నుంచి: ‘ఇలాంటి పిరికిమనుషులు నిజంగా ఉంటారా? పక్కవాడు పోతే అడగరా?’

వేలు విసుగు డబ్బా మీదకి వెళ్ళి ఆగిపోయింది. ఆ ఒక్క నొక్కు ఎవరో చూశారన్నమాట. అడిగితే, ఎందుకు అడుగుతున్నావంటారు. ఎందుకో చెబితే గుండీ ఎవరో తెలుస్తుంది. మూడు రోజులు నోరు మూసుకుంటే చాలు, నాలుగో రోజు ఎవరో కొత్తవాళ్ళు వస్తారు, తనకేమీ కాదు. ఇదంతా ఆమెకి తెలుసు. లేచి నిలబడింది.

“యామిలే మేడం, ఒవీడియో గారేరి?”

నలభై మిషన్ల చప్పుడూ ఆగింది. మళ్ళీ మొదలైంది. యామిలే కాగితాల్లోంచి తలెత్తలేదు.

“ఎవరు?” అంది.

ఎడిల్మా లెయిడీ వైపు చూసింది. లెయిడీ తెరకేసి చూస్తూ, నొక్కుతూనే ఉంది. ఇప్పటికీ కూర్చోవచ్చు.

“ఒవీడియో కార్దోనా,” అంది. “ఆ కుర్చీలో కూర్చునేవారు. నా రహస్య స్నేహితుడు.”