గుడ్డు మీది అతుకు

పొద్దున గుడ్డు కడుగుతుంటే బొటనవేలికి ఒక గీత తగిలింది. పెంకు నడుముకు దారం బిగించి విప్పినట్టు చుట్టూ సన్నని గట్టు. ఇప్పుడు నేనుండే పులివెందులలో మా పక్క స్థలంలో బోరు వేస్తున్నారు. నిన్న సాయంత్రమంతా నేల అదురుతూనే ఉంది, మా పెరటి పెట్టలు బెదిరి ఒక మూలకు చేరాయి. వేలు ఆ గీత మీదే ఉండిపోయింది. ప్రొద్దుటూరులోని మా పాత వీధి, ఎండలో తేలే దూది నూగు, గోడ అవతల కోళ్లతో ముచ్చట్లాడే హుసేనమ్మత్త గొంతు, అన్నీ కలలోలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఆమె మా పక్కింటావిడ. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. మా రెండిళ్లకూ ఒకటే గోడ. వరసకు ఏమీ కాకపోయినా అత్తా అనే పిలిచేవాణ్ణి. ఆ వీధిలో ఏ ఇంట కాన్పయినా, బాలింత పథ్యం విడిచే రోజు తినే తొలి గుడ్డు ఆమె పెరటి నుంచే రావాలి. కొంగులో దాచి వెచ్చగా తెచ్చి, బాలింత దోసిట్లో పెట్టి, "ఎంత నున్నగా ఉండాదో సూడు. నీ బిడ్డ బతుకూ ఇట్లనే ఉండాల" అనేది. వీధిలో ఆమెకున్న పెద్దరికమంతా ఆ గుడ్డులోనే ఉండేది.

నేను చేతిమగ్గం తీసేసి మరమగ్గం పెట్టిన ఏడు అది చెదిరింది. మగ్గాన్ని ఆ గోడ పక్కనే బిగించాను. పగలూ రాత్రీ నడిచేది. కొన్నాళ్లకు ఆమె పెట్టలు వింత గుడ్లు పెట్టసాగాయి. కొన్నింటికి నడుము మీద గట్టు, కొన్నింటి మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లని పొర, ఒక్కోసారి పెంకే లేని తోలుగుడ్డు. ఎండ దెబ్బేమోనని ఆమె గూటి మీద తడి గోనె కప్పింది. సున్నం చాలడం లేదేమోనని పాత పెంకులు వేయించి, నూరి, నూకల్లో కలిపింది. తోలుగుడ్లు తగ్గాయి గాని గట్లు పోలేదు.

అప్పుడే మా చెల్లెలు జమ్మలమడుగు నుంచి పురిటికి వచ్చింది. పథ్యం విడిచే రోజు అత్త వాకిట్లోకి వచ్చి కొంగు విప్పింది.

"ఉన్నెవాట్లో మంచిది ఏరి తెచ్చినా" అంది.

మా అమ్మ చేయి చాచలేదు. "ఏందమ్మా ఇది, నడుం ఇరిగినట్టుండాది? పసిబిడ్డ ఉండే ఇల్లు."

నేను మగ్గం దగ్గర నుంచే మాట అందుకున్నాను. "నీ కోళ్లకు ఏందో రోగమొచ్చిండాది అత్తా. ఈ గుడ్లు ఎవురికీ ఇయ్యొద్దు."

ఆమె గుడ్డును మళ్లీ కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. నా మాట వీధంతా పాకింది. ఆ తర్వాత ఏ కాన్పుకూ ఆమెను పిలవలేదు.

ఆ వేసవిలో నా మగ్గం మోటారు కాలిపోయింది. బాగుచేసి తెచ్చేదాకా వీధి నీళ్లలో మునిగినట్టు నిశ్శబ్దంగా ఉంది. ఒక ఉదయం అత్త గోడ మీదుగా చేయి చాచి, నా అరచేతిలో ఒక గుడ్డు పెట్టింది.

"ఏమన్నా తగుల్తాందా అప్పా?"

"లేదత్తా. శానా నున్నగుంది."

"నీ మగ్గం పండుకునింది, నా కోళ్లూ పండుకున్యాయి. అంతే."

నాకు అర్థమైంది. మగ్గం జరపాలంటే దాని కింది సిమెంటు దిమ్మె పగలగొట్టి మళ్లీ కట్టాలి. తలదించుకున్నాను. ఆమె జరపమని అడగనూ లేదు. మోటారు తిరిగొచ్చిన నాడు చూస్తే, కోళ్లగూడు వీధి వైపున్న ఆమె పడకగదిలోకి చేరింది. ఆమె మంచం మా గోడ పక్కకు, గూడు ఉన్న చోటికి వచ్చింది.

"ఈ మోతలో నీకు నిద్రెట్ల పడ్తాదత్తా?" అన్నాను.

"నాకేమప్పా, నేనేమన్నా గుడ్లు పెట్టాల్నా?" అని పకపకా నవ్వింది.

గుడ్లు మళ్లీ నున్నగా వచ్చాయి. వీధి మాత్రం నమ్మలేదు. నమ్మించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను నోరు విప్పలేదు. ఏ బాలింత దోసిట్లోనూ మళ్లీ గుడ్డు పెట్టకుండానే ఆమె కన్నుమూసింది.

చాలా కాలానికి ఒక పశువుల డాక్టరు చెప్పాడు. కడుపులో పెంకు కట్టుకునే వేళ కోడి బెదిరితే లేత పెంకు చిట్లుతుందట. దాని మీద మళ్లీ సున్నం పేరుకుని లోపలే అతుక్కుంటుందట. ఆ అతుకే గట్టు. ఆ వీధివాళ్లలో ఎవరైనా ఇది చదివితే తెలుసుకోవాలి: హుసేనమ్మత్త కోళ్లకు ఏ రోగమూ లేదు. ఆ అదురు నా మగ్గానిది.

ఇప్పుడు ఊరూరా తిరిగి మగ్గాలు బిగించడమే నా పని. దిమ్మెకు ముగ్గు పోసే ముందు గోడకు అరచెయ్యి ఆనించి, అవతల ఎవరు పడుకుంటారని అడుగుతాను. మనుషులా, బర్రెలా, కోళ్లా అని కూడా అడుగుతాను.

"గోడ మాదే గదన్నా, వాళ్లతో మనకేం పని?" అంటారు ఇంటివాళ్లు.

నేను వాదించను. గోడకు ఎడంగా, ఇంటి నడుమకు జరిపి ముగ్గు పోస్తాను.